గుట్టే మోసగాని బలము

2014లో తమిళములో వచ్చిన ‘చతురంగ వేట్టై’ చిత్రమును 2018లో తెలుగులో ‘బ్లఫ్ మాస్టర్’గా తిరిగి తీసిరి. మోసగాని పాత్రధారి సత్యదేవ్. సినిమాలు చూడని కుటుంబములు కూడ ఆ కథలోని ఒక ఎత్తును తెలిసికొనుట మంచిది. అదే రెండు తలల పాము బేరము.

నిజమునకు ఆ పాముకు తల ఒక్కటే. మొద్దుగా ఉండు తోకయే రెండవ తలవలె కనబడును. దానికి విషము లేదు, మహిమ అంతకన్నా లేదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని పట్టుట, అమ్ముట, కొనుట నేరము. అందుచేత డబ్బు పోయినవాడు పోలీసుల యొద్దకు పోడు. తానును దోషినగుదునని భయపడును. మోసగానికి కావలసినది ఆ మౌనమే.

మన దుమ్ముగూడెం ప్రాంతములో మిరప అమ్మిన సొమ్ము, తునికాకు కూలి ఇల్లు చేరిన దినములలో ఎవడైనను వచ్చి “ఎవరికిని చెప్పకు” అని లాభము చూపిన యెడల, ఆ రాత్రియే భార్యాభర్తలు కూర్చుండి మాటలాడుకొనుడి. ఇంటిలో చెప్పలేని లాభము లాభము కాదు.

ఇదివరకే మోసపోయిన పొరుగువానిని చూచి నవ్వకుడి. ఆ నవ్వుకు జడిసియే అతడు నోరు విప్పడు; మోసగాడు నిశ్చింతగా పక్క ఊరికి పోవును.