తిరుచ్చులి సీమలో పాముకాటు

తిరుచ్చులి పేరు వినినంతనే తెలుగు పాఠకులకు రమణమహర్షి జ్ఞప్తికి వచ్చుట సహజము. 1879 డిశంబరు 30వ తేదీన ఆయన జన్మించినది ఆ గ్రామముననే. అరుణాచలముపై గుహలలో వసించిన కాలమున పాములు ఆయన చెంతకు వచ్చిపోవుచుండెడివనియు, వానిని ఆయన చంపనీయకుండెడివారనియు భక్తులు వ్రాసియున్నారు. మహర్షి మాట వేఱు. ఆయన పుట్టిన సీమలో పాదరక్షలు లేక చేలలో దిగు కూలివాని మాట వేఱు. మేము వ్రాయదలచినది ఈ రెండవవానిని గూర్చి.

విరుదునగరము మొదలు కోవిల్పట్టి వరకు గల ఈ మెట్టసీమలో నల్లరేగడి నేలలు విస్తారము. తరతరాలుగా తెలుగు మాటలాడు కుటుంబములును పెక్కు గలవు. వేసవిలో రేగడి బీటలు వారును. బీటలలో ఎలుక చేరును. ఎలుకను వెదకికొనుచు పాము చేరును. ఈశాన్య ఋతుపవనముల వానలకు కలుగులు నీట మునుగగా రెండును మెరక వెదకికొనును. గింజలున్న యింటికి ఎలుక వచ్చును. పాము మనుష్యునికొఱకు వచ్చుట లేదు.

కాని మన కథలలో పాము పగబట్టును, పాలు త్రాగును, జెర్రిపోతుతో సయ్యాటలాడును. పగను జ్ఞాపకముంచుకొని మనుష్యుని వెంబడించు శక్తి దానికి లేదు. పాలు దాని ఆహారము కాదు. జోడుగా పెనవైచుకొని లేచు జెర్రిపోతులు తఱచుగా రెండును మగవే. అది ఆడుదానికై పెనుగులాట. నాగుపామునకు వానితో పొత్తు లేదు. ఈ నమ్మకములవలన కలుగు హాని యొకటి కలదు: భయమంతయు, భక్తియంతయు నాగుపాముమీదనే వ్యయమైపోవుచున్నది. అది పడగ విప్పి హెచ్చరించును. హెచ్చరింపని దానిని మనము ఎరుగము.

కట్లపామే అది. పగలు మందకొడిగా ముడుచుకొనియుండి, రాత్రివేళ సంచరించును. నేలపై పరుండినవాడు నిద్రలో ఒత్తిగిలగా కఱచును. గాటు కనుపింపదు, నొప్పి అంతగా నుండదు. చీమ కుట్టెననుకొని మరల నిద్రించువారు గలరు. తెల్లవారుజామున కడుపునొప్పి, ఱెప్పలు వాలుట, మాట ముద్దయగుట, పిమ్మట ఊపిరి నిలుచుట. నరముల చివళ్లను ఈ విషము ఒకసారి చెఱచినచో మందు వానిని వెంటనే బాగుచేయజాలదు. శ్వాసయంత్రముపై రోజుల తరబడి నిలుపవలసి వచ్చును. కావుననే ఆలస్యము ప్రాణాంతకము. శాస్త్రజ్ఞులు ఈ జాతికిచ్చిన 'బంగారస్' అను నామము మన 'బంగారము' నుండి పుట్టినదే యనుట వింత.

అటువంటిదే మఱియొకటి. 18వ శతాబ్దాంతమున విశాఖపట్టణమున నుండిన పాట్రిక్ రస్సెల్, 1796లో వెలువడిన తన గ్రంథమున రక్తపింజరిని 'కటుక రేకుల పొడ' యను తెలుగు పేరుతోనే వర్ణించెను. తర్వాత లోకము దానిని రస్సెల్ పేరుతో పిలిచినది. మన పేరు మనమే మఱచితిమి. దీని తమ్ముని వంటి చిన్నపింజరి మూరెడుపాటిది, మెట్టపొదలకు తగినది. చుట్టలు చుట్టుకొని పొలుసులు రాచి ఱంపపు కోతవంటి ధ్వని చేయును. ఈ రెంటి విషమును రక్తము గడ్డకట్టు శక్తిని హరించును. వైద్యుడు రోగి రక్తమును గాజుగొట్టములో పోసి 20 నిమిషములు కదల్పకుండ నుంచును, గడ్డకట్టనిచో విషమెక్కినట్లే.

నాల్గింటికి విరుగుడు ఒక్కటే. దానికి వలయు విషము చెన్నపట్టణపు సమీపమున వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుళవారి సహకార సంఘమునుండి ముఖ్యముగా వచ్చుచున్నది. తోలుకై పాములను పట్టి జీవించిన యీ జాతివారు, 1972 నాటి వన్యప్రాణి చట్టము తర్వాత ఆ వృత్తి పోగా, అదే నేర్పుతో విషము తీసి పామును మరల అడవిలో విడుచువారైరి. వారిలో వడివేల్ గోపాల్, మాసి సడైయన్ గార్లకు 2023లో పద్మశ్రీ లభించెను. ఒక చిక్కు మాత్రము కలదు: ఒకే జాతి పామునకైనను సీమనుబట్టి విషము మాఱును. ఒకచోటి విషముతో చేసిన మందు అన్నిచోట్ల ఒకే రీతి పనిచేయదు. ఈ లోపమును తీర్చు బాధ్యత ప్రభుత్వములది.

2000 మొదలు 2019 వరకు ఈ దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని 2020లో ప్రకటితమైన పరిశోధన అంచనా కట్టినది. అత్యధికము పల్లెలలో, ఇండ్లయందే. మంత్రగానికడ గడచిన గంటలు అందెన్ని గలవో! గాటు కోయుట, నోట పీల్చుట, త్రాటితో బిగించుట, ఇవన్నియు హానికరములే. విరిగిన ఎముకను కట్టినట్లు కాలిని కదలకుండ కట్టి వైద్యశాలకు చేర్పవలెను. పామును చంపి తెచ్చు పని లేదు. 2024 నవంబరులో తమిళనాడు ప్రభుత్వము ప్రతి కాటును వైద్యశాలలు తెలియజేయవలెనని ఉత్తరువు చేసినది.

కట్లపాము విషయమున అంతకంటె సులభోపాయము కలదు. మంచము దొరకనివాడు దోమతెర కట్టుకొని, దాని అంచులను చాపక్రింద నలువైపుల దోపుకొని పరుండిన చాలును.