వాహన చోదకశ్రేణిలో మెలికంపనాలు, కుదుపుల శమనం: తెలుగులో శాస్త్రవివరణ

వ్యాససంగ్రహం:
ఇంజనులో పుట్టిన శక్తి క్లచ్, గేరుబాక్సు, షాఫ్టుల మీదుగా చక్రాలకు చేరుతుంది. ఈ భాగాల వరుసను ఈ వ్యాసంలో 'చోదకశ్రేణి' అని వ్యవహరించడం జరిగింది. ఇందులో కలిగే మెలికంపనాల స్వభావాన్ని, వాటిని అణచే పద్ధతులను తెలుగులో వివరించడం, ఆ వివరణకు కావలసిన పదజాలాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలక పదాలు: చోదకశ్రేణి, మెలికంపనం, శమనం, అనునాదం, క్లచ్ ప్లేటు, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం:
ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. ఉర్దూలో ఉన్నతవిద్యను బోధించాలనే సంకల్పంతో అంతకు ముందే, 1917లో, ఒక అనువాద విభాగాన్ని నెలకొల్పారు. ఇంజనీరింగు కళాశాల 1929లో మొదలైంది. దేశభాషలో శాస్త్రాన్ని చెప్పవచ్చునా అనే ప్రశ్నకు ఈ ప్రాంగణం ఒక శతాబ్దం కిందటే ఆచరణలో సమాధానం ఇచ్చింది. తెలుగులో పాఠ్యగ్రంథాల కోసం తెలుగు అకాడమి 1968లో ఏర్పడింది. 2021లో ఇంజనీరింగు బోధనకు అనుమతి పొందిన భారతీయ భాషలలో తెలుగు ఒకటి. కాబట్టి యంత్రశాస్త్రంలోని సూక్ష్మవిషయాలను తెలుగులో స్పష్టంగా చెప్పగలగడం నేడు విద్యార్థికి ప్రత్యక్షావసరం.

నిజాం ప్రభుత్వ రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో ప్రారంభమైంది. నేడు తార్నాక, లాలాపేట్ దారుల్లో బస్సులు, ఆటోలు అడుగడుగునా ఆగి కదులుతుంటాయి. అలా కదిలిన ప్రతిసారీ ఈ వ్యాసంలో చెప్పబోయే సమస్య చోదకశ్రేణిలో తలెత్తుతూనే ఉంటుంది.

2. మెలికంపనం - స్వరూపం:
ఉయ్యాల తాళ్ళను మెలితిప్పి వదిలితే అది గిరగిరా తిరిగి మెలిక విప్పుకుంటుంది. అయితే అక్కడితో ఆగదు. తిరుగుతున్న వేగం వల్ల అటువైపు మళ్ళీ మెలిపడుతుంది, తిరిగి విప్పుకుంటుంది. పిల్లవాడు కాలిని నేలకు రాస్తే త్వరగా ఆగుతుంది. ఈ ఆటలో మూడు అంశాలున్నాయి. తిరిగే బరువుకు జడత్వం ఉంది. మెలిపడిన తాడుకు పూర్వస్థితికి వచ్చే గుణం ఉంది. నేలకు రాసిన కాలు శక్తిని ఘర్షణ ద్వారా హరించింది. మొదటి రెండూ కలిస్తే కంపనం, మూడవది శమనం.

ఉక్కు షాఫ్టు కూడా ఇలాగే, కంటికి కనబడనంత స్వల్పంగా, మెలిపడుతుంది. దానిని మెలిపెట్టేది ఇంజనే. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మాత్రమే శక్తినిస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో చుట్టుకు రెండు తోపులు, ఆరు సిలిండర్లదైతే మూడు తోపులు వస్తాయి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 15 చుట్లు, అంటే 30 తోపులు. ఈ తోపుల పౌనఃపున్యం చోదకశ్రేణి సహజ పౌనఃపున్యంతో కలిసినపుడు అనునాదం ఏర్పడి కంపనం పెరిగిపోతుంది. గేరుబాక్సులో గలగల శబ్దం, పళ్ళ అరుగుదల, షాఫ్టులో లోహపు అలసట దీని ఫలితాలు.

3. శమన సాధనాలు:

3.1 ఫ్లైవీలు: ఇది తన జడత్వంతో వేగంలోని హెచ్చుతగ్గులను తగ్గిస్తుంది. శక్తిని దాచి తిరిగి ఇస్తుందే కాని హరించదు. అందువల్ల దీనిని శమనసాధనం అనడం కచ్చితం కాదు.

3.2 క్లచ్ ప్లేటు స్ప్రింగులు: క్లచ్ ప్లేటు నడుమ వృత్తాకారంగా అమర్చిన స్ప్రింగులు కనిపిస్తాయి. గేరుబాక్సు షాఫ్టు మీద కూర్చునే నడిమి భాగానికి, చుట్టూ ఉన్న పళ్ళానికి మధ్య ఈ స్ప్రింగులే వారధి. తోపు వచ్చినపుడు పళ్ళెం కొన్ని డిగ్రీలు ముందుకు జరిగి స్ప్రింగులను నొక్కుతుంది. లోపలి ఘర్షణ వాషర్లు ఆ కదలికలోని కొంత శక్తిని వేడిగా మారుస్తాయి. స్ప్రింగు మెలిక బిగువును తగ్గిస్తుంది, వాషరు కంపనాన్ని శమింపజేస్తుంది.

సహజ పౌనఃపున్యం బిగువు వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. బిగువును నాలుగో వంతుకు తగ్గిస్తే పౌనఃపున్యం సగమవుతుంది. రెండు ఖండాల ఫ్లైవీలు వెనుక ఉన్న సూత్రం ఇదే. ఫ్లైవీలును రెండుగా విడదీసి, మధ్య పొడవైన మెత్తని స్ప్రింగులు పెట్టి, అనునాద స్థానాన్ని ఐడిలింగు వేగానికి దిగువకు దించుతారు. ఇంజను మొదలయ్యేటపుడు, ఆగేటపుడు మాత్రమే ఆ స్థానాన్ని దాటవలసి వస్తుంది.

3.3 క్రాంకుషాఫ్టు శమని: క్రాంకుషాఫ్టు ముందు కొసన రబ్బరుతో అతికిన లోహపు వలయం ఉంటుంది. షాఫ్టు కంపించినపుడు వలయం జడత్వంవల్ల వెనకబడుతుంది. మధ్యలోని రబ్బరు ఆ కదలికను వేడిగా మారుస్తుంది. వలయం, ఘర్షణల సాయంతో క్రాంకుషాఫ్టు కంపనాన్ని అణచే సాధనానికి బ్రిటిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1910లో పేటెంటు తీసుకున్నాడు.

3.4 కుదుపు: కంపనం పదేపదే వచ్చేది, కుదుపు ఒక్కసారి తగిలేది. క్లచ్ హఠాత్తుగా వదిలినపుడు గేరుపళ్ళ మధ్య సందులన్నీ ఒకేసారి మూసుకొని దెబ్బ తగులుతుంది. చాలా మోటారుసైకిళ్ళలో వెనక చక్రం హబ్బులో అమర్చే రబ్బరు ముక్కలు ఈ దెబ్బను మెత్తబరచడానికే. అవి అరిగితే బండి గుంజినట్లు కదులుతుంది, చైను మీద భారం పెరుగుతుంది.

4. శమనం ఎంత ఉండాలి?
శమనం ఎంత ఎక్కువైతే అంత మేలని తోచడం సహజం. కాని అది సరికాదు. తోపుల పౌనఃపున్యం సహజ పౌనఃపున్యానికి సుమారు 1.41 రెట్లు దాటిన తరువాత స్ప్రింగు కంపనాన్ని అవతలికి పోనీయకుండా ఆపుతుంది. అక్కడ ఘర్షణ ఎక్కువైతే రెండు భాగాలు అతుక్కున్నట్లయి కంపనం తిన్నగా దాటిపోతుంది. అనునాదం దగ్గర శమనం రక్షిస్తుంది, దానికి చాలా ఎగువన అదే శమనం అడ్డవుతుంది. కాబట్టి రూపశిల్పి చేయవలసింది ఈ రెంటికీ మధ్య తగిన పాలు ఎంచుకోవడం.

5. పదజాల పరిశీలన:
పై వివరణలో 'ఆపడం', 'శమింపజేయడం', 'దాచి ఇవ్వడం' అనే మూడు వేర్వేరు పనులున్నాయి. వాడుకలోని 'షాకబ్జర్' అనే మాట స్ప్రింగును, దానితో ఉండే నూనె గొట్టాన్ని కలిపి సూచిస్తుంది. బండి నడిపేవారికి అది చాలు. విద్యార్థికి మాత్రం చాలదు: స్ప్రింగు శక్తిని దాస్తుంది, నూనె గొట్టం హరిస్తుంది. ఈ భేదం తెలియనివారికి నాలుగో భాగంలోని విషయం బోధపడదు.

అలాగని క్లచ్, గేరు, ఫ్లైవీలు వంటి వస్తునామాలకు సంస్కృత సమాసాలు కల్పించవలసిన పనిలేదు. అవి తెలుగువారి నోట స్థిరపడినవి. భావనలకు మాత్రం తెలుగు మాటలు అవసరం, ఎందుకంటే వాటిని చేతితో చూపించలేం, మాటతోనే పట్టుకోవాలి.

ఈ విషయంలో భద్రిరాజు కృష్ణమూర్తి మార్గం అనుసరణీయం. ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో, రెండవది చేనేత పదాలతో 1971లో వెలువడ్డాయి. పనిచేసేవారి నోటి నుంచి మాటను సేకరించడం వాటి పద్ధతి. మోటారు మెకానిక్కుల 'గుంజడం', 'కొట్టుకోవడం', 'జర్కు' వంటి మాటలు ఒక్కొక్కటి ఏ లోపాన్ని సూచిస్తున్నాయో అదే పద్ధతిలో నమోదు చేయవలసి ఉంది.

6. ముగింపు:
- మెలికంపనానికి జడత్వం, స్థితిస్థాపకత మూలం. దానిని శమింపజేసేది ఘర్షణ.
- ఫ్లైవీలు, స్ప్రింగు, ఘర్షణ వాషరు, రబ్బరు చేసే పనులు ఒకటి కావు. వాటిని ఒకే మాటతో చెప్పరాదు.
- శమనం అధికమైనా దోషమే.
- వస్తువులకు వాడుక పేర్లు, భావనలకు నిర్దిష్టమైన తెలుగు మాటలు వాడితే శాస్త్రవివరణ సుగమమవుతుంది.
- వర్క్‌షాపు మాటల సేకరణను భాషాశాఖలు, ఇంజనీరింగు శాఖలు కలిసి చేపట్టాలి. తెలుగులో ఇంజనీరింగు చదివే విద్యార్థికి అది తక్షణ ప్రయోజనం చేకూరుస్తుంది.