ఆంగ్ల వాక్యంలో స్థానమే ప్రత్యయం

1955 నాటి భారత్–సోవియట్ ఒప్పందంతో రూపుదిద్దుకున్న భిలాయి ఉక్కు నగరంలో ఎందరో తెలుగువారు స్థిరపడ్డారు. ఇంట తెలుగు, వీధిలో హిందీ వినే అక్కడి విద్యార్థిని ఆంగ్ల వాక్యంలోని రెండు కర్మలు తికమక పెట్టవచ్చు.

‘డాక్టరుకు కార్మికుణ్ణి చూపించు’ అన్నప్పుడు ‘కార్మికుణ్ణి’ ప్రత్యక్ష కర్మ, ‘డాక్టరుకు’ పరోక్ష కర్మ. పదాలు తారుమారైనా ప్రత్యయాలు అర్థాన్ని కాపాడతాయి. ఆంగ్లంలో ఆ బాధ్యత స్థానానిది. ‘షో ద డాక్టర్ ద వర్కర్’ అంటే చూసేవాడు డాక్టరు. ‘షో ద వర్కర్ ద డాక్టర్’ అంటే చూసేవాడు కార్మికుడు. కార్మికుణ్ణి ముందు చెప్పి, అర్థం చెడకుండా ఉండాలంటే ‘టు’ చేర్చాలి: ‘షో ద వర్కర్ టు ద డాక్టర్’.

అన్ని క్రియలూ ఈ రెండు రూపాలకూ ఒదగవు. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ ద లెసన్’ దోషం. ‘ఎక్స్‌ప్లెయిన్ ద లెసన్ టు మీ’ సరైన రూపం. మన ‘కు’ పదం చివర చేరుతుంది. ‘టు’ పదానికి ముందు నిలుస్తుంది.