అద్దం ఎన్నో ఎత్తుకు పగులుతుంది?

చదరంగంలో తెల్లపావులకు మొదటి ఎత్తుకు 20 దారులుంటాయి. 8 బంట్లకు రెండేసి చొప్పున 16, రెండు గుర్రాలకు రెండేసి చొప్పున 4. నల్లపావులకూ అవే 20. చెరో ఎత్తు వేసేసరికి బల్ల మీద 400 రకాల స్థితులు రావచ్చు. వాటిలో 20 మాత్రం, అంటే 5 శాతం, అచ్చం అద్దంలో చూసుకున్నట్టు ఉంటాయి. నిజామాబాద్‌లోనో బోధన్‌లోనో పిల్లల టోర్నమెంట్ జరిగే హాల్లోకి వెళ్తే ఎక్కువ బల్లల మీద కనిపించేవి ఈ 5 శాతం స్థితులే. రాజు ముందున్న బంటు రెండు గళ్లు నడుస్తుంది, ఎదుటి బంటూ రెండు గళ్లు నడుస్తుంది. ఆ తర్వాత గుర్రానికి గుర్రం, ఒంటెకు ఒంటె.

"వాడేదాడితే నేనదే ఆడిన సార్, డ్రా అయితదనుకున్న." ఓడి బయటికొచ్చిన పిల్లల నోట ఈ మాట తరచూ వినిపిస్తుంది. అందులో తర్కం లేకపోలేదు. రెండువైపులా పావులు ఒక్కటే, గళ్లు ఒక్కటే, నిబంధనలు ఒక్కటే. మరి తేడా ఎక్కడొస్తుంది? తెల్లపావులు ఒక ఎత్తు ముందుంటాయి. ఆ ఒక్క ఎత్తు విలువెంతో తెలిస్తే, అది ఏ స్థాయి ఆటగాడి మీద ఎలా పనిచేస్తుందో తెలిస్తే, ఎదుటివాణ్ని చూసి ఆడడం ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

ముందు పెద్ద లెక్క. 1851 నుంచి నమోదైన టోర్నమెంట్ ఆటల్లో, గెలుపుకు 1, డ్రాకు అర చొప్పున లెక్కిస్తే, తెల్లపావులకు వచ్చే వాటా 52 నుంచి 56 శాతం మధ్యే తిరుగుతోంది. సుమారు 55 అనుకుందాం. ఆటగాళ్ల బలాన్ని కొలిచే ఎలో రేటింగ్ సూత్రంలో 55 శాతం అంటే 35 పాయింట్ల తేడాతో సమానం. 1500 రేటింగ్ పిల్లవాడు తెల్లపావులు పట్టుకుంటే ఆ ఆటకు 1535 అయినట్టు. అంతే. దానికి భయపడి ఎదుటివాడి నీడలా నడవాల్సిన పని లేదు.

అయితే చూసి ఆడడం మొదలుపెట్టినవాడికి ఆ 35 పాయింట్లే ప్రాణాంతకమవుతాయి. అమెరికన్ పజిళ్ల రచయిత సామ్ లాయిడ్ 19వ శతాబ్దంలో ఒక ప్రశ్న వేశాడు: నల్లపావులు ప్రతి ఎత్తునూ అలాగే తిరిగి వేస్తే తెల్లపావులు ఎన్ని ఎత్తుల్లో ఆట కట్టించగలవు? జవాబు 4. తెల్లవైపు నుంచి ఎడమ చివరి నిలువు వరుస ఏ, కుడి చివరిది హెచ్. అడ్డు వరుసలకు 1 నుంచి 8. మొదట తెల్ల బంటు సీ4, నల్ల బంటు సీ5. మంత్రి ఏ4, మంత్రి ఏ5. మంత్రి సీ6, మంత్రి సీ3. నాలుగో ఎత్తుకు తెల్ల మంత్రి సీ8 మీది ఒంటెను కొడుతుంది, రాజుకు చెక్. రాజు కదలడానికి గడి లేదు, మధ్యలో అడ్డుపెట్టడానికి పావు లేదు. నల్ల మంత్రికి కూడా సీ1 ఒంటెను కొట్టాలనే ఉంటుంది, కానీ చెక్‌కు జవాబు చెప్పకుండా ఇంకో పని చేయడానికి లేదు. అద్దాన్ని పగలగొట్టేది చెక్. దీన్ని గుర్తుపెట్టుకుని మిగతా ఆటలు చూద్దాం.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది పెట్రాఫ్ డిఫెన్స్. రష్యన్ ఆటగాడు అలెగ్జాండర్ పెట్రోవ్ (1794–1867) పేరు మీద వచ్చిన ప్రారంభం ఇది. బంట్లు ఈ4, ఈ5. తెల్ల గుర్రం ఎఫ్3కి వచ్చి ఈ5 బంటును బెదిరిస్తుంది. నల్ల గుర్రం ఎఫ్6కి వచ్చి ఈ4 బంటును బెదిరిస్తుంది. మూడో ఎత్తుకు తెల్ల గుర్రం ఈ5 బంటును కొడుతుంది. ఇక్కడ పిల్లల చెయ్యి ఆగదు; నల్ల గుర్రంతో వెంటనే ఈ4 బంటును కొట్టేస్తారు. నాలుగో ఎత్తుకు తెల్ల మంత్రి నెమ్మదిగా ఈ2కి వచ్చి గుర్రం మీద కన్నేస్తుంది. ఆ గుర్రం వెనక్కి ఎఫ్6కి పారిపోతే కథ ముగిసినట్టే. అయిదో ఎత్తుకు తెల్ల గుర్రం ఈ5 నుంచి సీ6కి దూకుతుంది. గుర్రం తప్పుకోగానే ఈ వరుసలో తెల్ల మంత్రి నుంచి రాజుకు చెక్, అదే సమయంలో గుర్రం డీ8 మంత్రి మీద. నల్లవైపు 9 విలువైన మంత్రి పోతుంది, బదులుగా దొరికేది మహా అయితే 3 విలువైన గుర్రం.

నాలుగో ఎత్తుకు గుర్రాన్ని పారిపోనివ్వకుండా మంత్రిని ఈ7కి తెస్తే నష్టం ఒక బంటుతో సరిపోతుంది. అసలు నష్టమే లేకుండా ఆడాలంటే మూడో ఎత్తుకు బంటును డీ6కి జరిపి, ఆ తెల్ల గుర్రాన్ని ముందు ఈ5 నుంచి తరమాలి. అది ఎఫ్3కి వెళ్లాక ఈ4 బంటును కొట్టాలి. పెట్రాఫ్‌లో మొదటి పాఠం ఇదే: ఒక్క ఎత్తు ఆగి కొట్టు. రేటింగ్ లేని పిల్లలకు ఇంతకు మించి నేర్పనక్కర్లేదని నా అభిప్రాయం.

బోధన్ వైపు ఇంకో చిక్కుంది. శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల తరం దగ్గర, తాతల దగ్గర ఆట నేర్చుకున్న పిల్లలకు ఇంటి చదరంగమే అలవాటు. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. రెండు సేనలు తాకడానికి చాలా ఎత్తులు పడతాయి గనక, చూసి ఆడినా శిక్ష ఆలస్యంగా పడుతుంది. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నిబంధనల్లో బంటు మొదటి ఎత్తులో రెండు గళ్లు నడవచ్చు. రెండో ఎత్తుకే బెదిరింపు, మూడో ఎత్తుకే కొట్లాట. ఇంట్లో బాగా ఆడే పిల్లవాడు టోర్నమెంట్‌లో అయిదో ఎత్తుకే మంత్రిని పోగొట్టుకుంటే తెలివి తక్కువని తిట్టకండి. వాడికి తెలిసిన ఆట వేగం వేరు. రేటింగ్ టోర్నమెంట్ కోసం నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కు సుమారు 175 కిలోమీటర్లు, బోధన్ నుంచైతే ఇంకో పాతిక. ఆ బస్సు ఎక్కే ముందు ఈ తేడా చెప్పి పంపడం మన బాధ్యత.

2024 మార్చి నుంచి ఫిడే రేటింగ్ 1400 దగ్గర మొదలవుతోంది. అక్కడి నుంచి 1800 దాకా ఉన్నవాళ్లు నాలుగెత్తుల ఉచ్చులో పడరు. వాళ్లను పట్టేది నాలుగు గుర్రాల ఆట. దీనికి చక్కని ఉదాహరణ 1900లో చెక్ ఆటగాడు కారెల్ ట్రాక్స్‌లర్ తెల్లపావులతో ఆడిన ఆట. ఈ4, ఈ5. రెండువైపులా రెండేసి గుర్రాలు బయటికొచ్చాయి. ఒంటెలు సీ4, సీ5. ఇద్దరూ క్యాస్లింగ్ చేశారు. బంట్లు డీ3, డీ6. ఏడో ఎత్తుకు తెల్ల ఒంటె జీ5, నల్ల ఒంటె జీ4. ఎనిమిదికి గుర్రం డీ5, గుర్రం డీ4. తొమ్మిదికి మంత్రి డీ2, మంత్రి డీ7. 18 ఎత్తులు పడినా ఒక్క పావూ చావలేదు, బల్ల సగానికి మడిస్తే గడికి గడి కలుస్తుంది.

పదో ఎత్తుకు తెల్ల ఒంటె ఎఫ్6 గుర్రాన్ని కొట్టింది, నల్ల ఒంటె ఎఫ్3 గుర్రాన్ని కొట్టింది. పదకొండుకు తెల్ల గుర్రం ఈ7కి వెళ్లి చెక్ చెప్పింది. నల్ల గుర్రానికీ ఈ2 గడిలో అలాంటి చెక్కే సిద్ధంగా ఉంది, కానీ వంతు దానిది కాదు. రాజు హెచ్8కి జరిగాడు. ఒంటె జీ7 బంటును కొట్టి చెక్, రాజు ఆ ఒంటెను కొట్టాడు, మంత్రి జీ5 చెక్, రాజు మళ్లీ హెచ్8. పద్నాలుగో ఎత్తుకు మంత్రి ఎఫ్6, ఆటకట్టు. ఆ ఈ2 చెక్ చెప్పే అవకాశం నల్లపావులకు చివరిదాకా రానేలేదు.

ఈ స్థాయి పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. ఎదుటి ఒంటె జీ5కి వచ్చి మీ గుర్రాన్ని కట్టేసిన క్షణం నుంచి చూసి ఆడడం మానేయండి. హెచ్6 బంటుతో ఆ ఒంటెను అడగండి, లేదా మీ ఒంటెను ఈ6కి తెచ్చి డీ5కి రాబోయే గుర్రాన్ని కొట్టే వీలు ఉంచుకోండి. తొమ్మిదో ఎత్తు దాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

పెద్దవాళ్లకు ఇవేవీ జరగవనుకుంటే పొరపాటు. 1988లో స్విట్జర్లాండ్‌లోని బీల్‌లో విశ్వనాథన్ ఆనంద్ నల్లపావులతో పెట్రాఫ్ ఆడాడు. వయసు 18, అప్పటికే ప్రపంచ జూనియర్ చాంపియన్. ఎదురుగా కొలంబియాకు చెందిన అలోన్సో సపాటా. ఆనంద్ డీ6 సరిగ్గానే ఆడాడు, ఈ4 బంటును సరైన సమయంలోనే కొట్టాడు. అయిదో ఎత్తుకు సపాటా రెండో గుర్రాన్ని సీ3కి తెచ్చాడు, ఆనంద్ ఒంటెను ఎఫ్5కి తెచ్చి ఈ4 గుర్రాన్ని కాపాడాడు. ఆరో ఎత్తు: మంత్రి ఈ2. గుర్రం వెనకే రాజు, కదలడానికి లేదు. తర్వాత డీ3 బంటు వస్తే గుర్రం పోయినట్టే. ఆనంద్ అక్కడే ఓటమి ఒప్పుకున్నాడు. అంతకు ముందు ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రిస్టియన్‌సెన్, మైల్స్ ఆడిన ఆటలో ఇదే ఎఫ్5 ఒంటె వచ్చింది. తెల్లవైపు మంత్రి ఈ2 ఆడలేదు, ఆట డ్రా అయింది. ఆనంద్ నమ్మింది అచ్చులో వచ్చిన ఆ ఆటనే. అచ్చులో వచ్చిన ఎత్తును పరీక్షించకుండా నమ్మడం కూడా చూసి ఆడడమే. ఇప్పుడు ఫోన్లో యాప్ చూపించిన ఎత్తును బట్టీపట్టే పిల్లలకు ఈ ఆరెత్తుల ఆట తప్పక చూపించాలి.

2200కి క్యాండిడేట్ మాస్టర్, 2400కి ఇంటర్నేషనల్ మాస్టర్, 2500కి గ్రాండ్‌మాస్టర్ రేటింగ్ హద్దులు. ఆ మెట్ల మీద పెట్రాఫ్ స్వభావం మారిపోతుంది. 2018లో లండన్‌లో కార్ల్‌సన్, కారువానా ప్రపంచ టైటిల్ కోసం ఆడిన 12 క్లాసికల్ ఆటలూ డ్రాలే, అందులో 6, 11 ఆటలు పెట్రాఫ్. ఆరో ఆట వివరంగా చూడదగ్గది. ఏడో ఎత్తుకు తెల్ల గుర్రం డీ5, నల్ల గుర్రం డీ4. ఎనిమిదో ఎత్తుకు తెల్ల గుర్రం నల్ల మంత్రిని కొట్టింది, నల్ల గుర్రం తెల్ల మంత్రిని కొట్టింది. ఇంత పొడిగా మొదలైన ఆట 80 ఎత్తులు సాగింది, చివర్లో కారువానాకు గెలుపు దారి ఉందని కంప్యూటర్లు చూపించాయి. మనిషి కంటికి అది అందలేదు.

మన తెలుగువాళ్లలో ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ 2019లో, 2024లో గెలిచిన కోనేరు హంపి ఆటల్లోనూ, వరంగల్ నుంచి వచ్చి 2024 డిసెంబర్ జాబితాలో 2801 అందుకున్న అర్జున్ ఎరిగైసి ఆటల్లోనూ నల్లపావులతో పెట్రాఫ్ కనిపిస్తుంది. అర్జున్ గెలుపు కోసం తెగించి ఆడతాడని పేరున్నవాడు. అలాంటివాడు కూడా ఈ ప్రారంభం పట్టుకున్నాడంటే, దీన్ని పిరికివాళ్ల ఆట అనడం తగదు.

డ్రా కోసమే సమాన స్థితి ఎంచుకునేవాళ్లకు రెండు అంకెలు చెప్పాలి. ఎలో సూత్రం ప్రకారం 200 పాయింట్లు ఎక్కువున్నవాడికి సగటున 76 శాతం వాటా దక్కుతుంది, 400 ఎక్కువుంటే 91 శాతం. మొదటి మూడెత్తుల్లో బల్లను సమానం చేసినంత మాత్రాన ఆ తేడా కరిగిపోదు. 1990లో ప్రపంచ టైటిల్ అర్హత పోటీ అయిన మనీలా ఇంటర్‌జోనల్ చివరి రౌండ్‌లో మిఖాయిల్ గురెవిచ్‌కు డ్రా చాలు. తెల్లపావులతో ఫ్రెంచ్ డిఫెన్స్‌లో మూడో ఎత్తుకే బంట్లు మార్చుకుని పూర్తి అద్దంలాంటి స్థితి తెచ్చుకున్నాడు. నల్లపావులతో ఆడిన నైజెల్ షార్ట్ గెలిచాడు, అదే దారిలో 1993లో కాస్పరోవ్‌తో ప్రపంచ టైటిల్ ఆట దాకా వెళ్లాడు.

ఇలాంటి స్థితిలో గెలవాలంటే ఏం చేయాలి? చెరో 7 బంట్లు, తెరిచి ఉన్నది ఒక్క ‘ఈ’ నిలువు వరుస. చేతికి అందిన ప్రతి ఏనుగునూ ఆ వరుసలో మార్చుకుంటూ పోతే నాలుగు ఏనుగులూ పోతాయి, డ్రా తప్ప మిగలదు. అందుకే ఏనుగుల మార్పిడికి తొందరపడకూడదు. తెల్లపావులైతే సీ4 బంటును తోసి ఎదుటి డీ5 బంటును అడగాలి. అంతకన్నా గట్టి మందు, ఒకరు రాజువైపు, ఒకరు మంత్రివైపు క్యాస్లింగ్ చేయడం. పెట్రాఫ్‌లో పెద్దవాళ్లు తరచూ ఆడే ఒక దారి అదే: అయిదో ఎత్తుకు సీ3 గుర్రం, నల్ల గుర్రం దాన్ని కొడితే డీ బంటుతో తిరిగి కొట్టడం. సీ వరుసలో రెండు బంట్లు ఒకదాని మీద ఒకటి పడతాయి, చూడ్డానికి వికారంగా ఉంటుంది. కానీ డీ వరుస సగం తెరుచుకుంటుంది, ఒంటెలకు దారి దొరుకుతుంది, రాజు మంత్రివైపు వెళ్లిపోతాడు, జీ, హెచ్ బంట్లు ఎదుటి రాజు మీదికి నడుస్తాయి. 1600 దాటిన పిల్లలెవరైనా ఈ స్థితి బల్ల మీద పెట్టుకుని, రెండువైపుల నుంచీ, కంప్యూటర్ ఆపేసి ఆడి చూడాలి.