షోపాన్ పియానోలో పోలెండు పల్లెపాట

ఇరుగుపొరుగు రాజ్యములు మూడును 1795 నాటికి పోలెండును పూర్తిగా పంచుకొనెను. 1918 వరకు అది మరల స్వతంత్ర రాజ్యము కాలేదు. దేశము పటమున లేకున్నను పాట ప్రజల నోట నుండెను. ఆ పాటను పియానోపై పలికించినవారిలో అగ్రగణ్యుడు ఫ్రెడరిక్ షోపాన్ (1810–1849).

ఆతడు బాల్యమున 1824, 1825 వేసవులను షఫార్నియా గ్రామమున గడపి, అచటి జానపదుల పాటలను, ఆటలను స్వయముగా వినెను. అయినను పల్లెపాటను యథాతథముగ దించుకొనుట ఆతని పద్ధతి కాదు. దాని నడకను మాత్రము గ్రహించెను. మజోవియా ప్రాంతపు నృత్యమునుండి పుట్టిన మజుర్కాలను ఏబదికి మించి రచించెను. వాని తాళమునకు మూడు మాత్రలు. ఊనిక మొదటి మాత్రపై నిలువక రెండవదానిపైననో, మూడవదానిపైననో పడుచుండును. పరదేశీయులకు ఇది లెక్క తప్పినట్లు తోచెడిది. మయ్యర్‌బేర్ అంతటి స్వరకర్తయే, వినబడునవి రెండు మాత్రలే యని వాదింపగా షోపాన్ మిక్కిలి కోపించెనని ఆతని శిష్యుడు లెంజ్ వ్రాసియున్నాడు.

పోలెండు పల్లెలలో తోలుతిత్తి వాద్యమొకటి కలదు. దాని యొక గొట్టము ఎడతెగక ఒకే స్వరమును మ్రోగించుచుండ, వేరొక గొట్టముపై పాట నడచును. 56వ సంఖ్యగల రచనలోని రెండవ మజుర్కాలో షోపాన్ ఈ తిత్తినే పియానోపైకి తెచ్చెను. ఎడమచేయి షడ్జ పంచమములను పట్టి విడువదు. పియానో స్వరము పలికిన క్షణమునుండియే సన్నగిల్లును గనుక వానిని మరల మరల నొక్కక తప్పదు. పాటలో అచ్చటచ్చట మధ్యమము హెచ్చి వినబడును. మనము ప్రతిమధ్యమ మనునది యదియే. కల్యాణి నెరిగిన చెవికి అది క్రొత్త గాదు. నాటి ఐరోపా సభాసంగీతమున మాత్రము అరుదు. 1920 దశకమున షిమనోవ్‌స్కీ, టాట్రా పర్వతవాసుల పాటలయందలి ఇట్టి మధ్యమమునే తన మజుర్కాలలో వాడెను.

ఇక భక్తిగీతముల మాట. 1830 నవంబరులో షోపాన్ వార్సా విడిచెను. ఆ నెలలోనే రష్యా ప్రభుత్వముపై తిరుగుబాటు చెలరేగి, మరుసటి యేట అణగిపోయెను. ఆతడు మరల స్వదేశమును చూడలేదు. మొదటి స్కెర్జో 1835లో వెలువడెను. స్కెర్జో యనగా పరిహాసము. ఇందు పరిహాసమేమియు లేదు. రెండు కఠోర ధ్వనులతో ఆరంభమై గాలివానవలె సాగును. నడుమ, క్రిస్మసునాడు పోలెండు గృహములందు బాలయేసునకు పాడు జోలపాట మెల్లగా వినవచ్చును. ప్రజల పాటను ఇంత స్పష్టముగా ఎత్తుకొనుట ఆతని రచనలలో బహు స్వల్పము. జోల చల్లారకమున్నే తొలి ధ్వనులు దానిపై వచ్చి పడును. పిదప గాలివానయే గాని, జోలపాట మరల వినరాదు.