ఉబ్బిన కంటి వెనక నెత్తురు దారి

రంజాన్ చివరి వారంలో హైదరాబాద్ పాతబస్తీలో మదీనా నుంచి చార్మినార్ దాకా పత్తర్‌గట్టి మీదుగా నడిచినవాళ్లకు ఆ ఇరుకు తెలుసు. రెండు పక్కలా రాతి కమాన్లు. జనం ఎంత పెరిగినా వీధి అంగుళం కూడా వెడల్పవదు. కంటిగూడూ అంతే: చుట్టూ ఎముక గోడలు, తెరపి ముందువైపే. థైరాయిడ్ కంటి జబ్బులో గూటిలోని కండరాలూ కొవ్వూ వాస్తాయి, కనుగుడ్డు ముందుకు పొడుచుకొస్తుంది.

ఎక్కువమందిలో దీనికి మూలం గ్రేవ్స్ వ్యాధి. ఐర్లండ్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లో దీన్ని వర్ణించాడు. థైరాయిడ్ గ్రంథిని రెచ్చగొట్టే యాంటీబాడీలే కంటి వెనక కణాలనూ రెచ్చగొడతాయి. 'మాత్రలు వేసుకుంటున్నా, రిపోర్టు నార్మలే, మరి కన్ను తగ్గదేం?' అని చాలామంది అడుగుతారు. రెండింటికీ వేరు ఒకటే అయినా, గ్రంథి కుదుటపడగానే కన్ను కుదుటపడాలని లేదు.

గూట్లో ఒత్తిడి పెరిగితే ముందు నలిగేది సిర. ధమనికి వెనక గుండె తోపు ఉంది, సిరకు అది లేదు, గోడా పల్చన. గూటి పైభాగాన వెనక్కి సాగే పై నేత్రసిర ఇరుకున పడితే నెత్తురు నిలిచి కళ్లు ఎర్రబడతాయి, రెప్పలు ఉబ్బుతాయి.

ఆ నెత్తురు దారిని కోత లేకుండా, ఎక్స్‌రే లేకుండా చూపేది కలర్ డాప్లర్. మూసిన రెప్ప మీద జెల్ రాసి ప్రోబ్‌ను తేలిగ్గా ఆనిస్తారు. గట్టిగా నొక్కితే సిర మూసుకుపోయి తప్పుడు చిత్రం వస్తుంది. సెకనుకు సుమారు 70 లక్షల నుంచి కోటి సార్లు కంపించే ధ్వని రక్తకణాలకు తగిలి తిరిగొస్తుంది. కణాలు దగ్గరికొస్తుంటే ఆ కంపనాల సంఖ్య పెరుగుతుంది, దూరమవుతుంటే తగ్గుతుంది. 1842లో క్రిస్టియన్ డాప్లర్ ఈ సూత్రం చెప్పింది జంట నక్షత్రాల రంగుల కోసం. నక్షత్రాల విషయంలో ఆయన పొరబడ్డాడు గానీ సూత్రం నిలబడింది.

మామూలుగా తెరమీద ప్రోబ్ వైపు వచ్చే నెత్తురు ఎరుపు, దూరంగా పోయేది నీలం. మంచి రక్తం, చెడు రక్తం అనుకోవద్దు, అవి దిక్కులు మాత్రమే. ఆరోగ్యమైన కంట్లో పై నేత్రసిర నీలంగా కనిపిస్తుంది. జబ్బు ముదిరితే ఆ ప్రవాహం మందగిస్తుంది, కొందరిలో అసలు కనిపించదు, ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. అదే సిర బాగా ఉబ్బి, ధమనిలా కొట్టుకుంటూ ఎర్రగా ఎదురొస్తే అనుమానించాల్సింది వేరే. పుర్రె లోపల కెరోటిడ్ ధమని నుంచి పక్కనున్న సిరల కుహరంలోకి దొంగదారి పడి ఉండవచ్చు. దాని వైద్యం పూర్తిగా వేరు.

వాపు చురుగ్గా ఉన్న నెలల్లోనే స్టిరాయిడ్లు బాగా పనిచేస్తాయి, కండరం గట్టిపడ్డాక పెద్దగా పనిచేయవు. ఆ అదను కనిపెట్టడానికి డాప్లర్ కొంత సాయపడుతుంది. అయితే అది చూపే ప్రవాహ వేగపు అంకెలు స్కాన్ చేసే చేతిని బట్టి మారతాయి. డాక్టరు కన్ను చూసి వేసే అంచనా, సీటీ లేదా ఎంఆర్‌ఐ పక్కన పెట్టి, ఒక్క డాప్లర్ కాగితంతో మందు మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు.

కంటికి పెట్టుకునే సుర్మా ఈ వాపును తగ్గించదు, పైగా చాలా సుర్మాల్లో సీసం ఉంటుంది. సిగరెట్ మాత్రం జబ్బును కచ్చితంగా ముదరబెడుతుంది, ఈరోజే మానేయండి. మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో 1987లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్నాయి. ఎరుపు రంగు వెలిసినట్టు కనిపించినా, చూపు మసకబారినా వాయిదా వేయకండి, ఆ రోజే వెళ్లండి.