దిండు గలీబులో డాన్సు డ్రెస్సులు

కోరుట్లలో మా ఇంటి ఇనుప సందూకు అడుగున ఒక పాత దిండు గలీబు ఉంది. అందులో దిండు లేదు. వంకరటింకరగా కత్తిరించిన న్యూస్ పేపర్ ముక్కలు ఉన్నాయి, ఓ నలభై దాకా. తెలియనివాళ్లు చూస్తే చిత్తుకాగితాలనుకొని పొయ్యిలో పెడతారు. ఒకసారి మా బాపు ఆ పని చేయబోయాడు కూడా. అమ్మ వారం రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

అవి మా డాన్సు డ్రెస్సులు. నావి, అక్కవి, మా వాడకట్టు పిల్లలవి. ఒక్కో ముక్క మీద పెన్సిల్‌తో ఏదో రాసి ఉంటుంది. ‘పెద్దది, వెనుక’. ‘చిన్నది, కోలాటం, చెయ్యి’. ‘క్లాసికల్, పైజామా కాలు’. ఒక జాకెట్ ముందు భాగం మీద 2007లో మనవాళ్లు టీ20 వరల్డ్ కప్ గెలిచిన వార్త ఉంది. హెడ్డింగు చంక దగ్గర సగానికి తెగిపోయింది. అప్పుడు నేను ఐదో తరగతి.

ఈ మధ్య జగిత్యాల నుంచి అక్క ఫోన్ చేసింది. వాళ్ల బిడ్డ రెండో తరగతి. స్కూల్ ప్రోగ్రాంలో కోలాటం వేస్తోందట. డ్రెస్సు అద్దెకు తెస్తే ఒక్క రోజుకు ఆరు వందలు, పైగా సైజు దొరకట్లేదు. ‘అమ్మ కుడుతదేమో అడుగు’ అంది. అడిగాను.

“సూదిల దారమే ఎక్కుత లేదు బిడ్డా. పేపర్లున్నయి గదా, నువ్వే కొయ్యి” అంది అమ్మ.

నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నా. నమూనా ఉంది, బట్ట ఉంది, మిషన్ ఉంది. శనివారం ఒక్కరోజు పని అనుకున్నా.

ఆ శనివారం సంగతి చెప్పే ముందు, పేపరు పెట్టి బట్ట కోయడం అమ్మకు ఎలా వచ్చిందో చెప్పాలి. ఆమె ఏ టైలరింగ్ క్లాసుకూ పోలేదు. ఎవరు నేర్పారని అడిగితే “ఎవలు నేర్పుతరు?” అంటుంది. నాకు తోచిన జవాబు మాత్రం బీడీల చాటలో ఉంది.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు పుట్టినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. తునికాకును నానబెట్టి, తడి గుడ్డలో చుట్టి, మెత్తబడ్డాక కత్తెర పట్టుకుంటారు. కొలతకు ఒక చిన్న రేకు ముక్క ఉంటుంది. దాన్ని ఆకు మీద పెట్టి చుట్టూ కత్తిరించాలి. ఈనె అడ్డు రాకూడదు. చిరుగు ఉన్న చోటు తప్పించాలి. ఒక్కో ఆకులో ఎన్ని ముక్కలు వస్తాయో చూపుతోనే తెలిసిపోవాలి, ఎందుకంటే ఇచ్చిన ఆకుకు లెక్క ప్రకారం బీడీలు అప్పజెప్పాలి. ఆకు తక్కువ పడితే సొంత డబ్బులతో కొనుక్కోవాలి. అమ్మ పెళ్లికి ముందు నుంచీ ఆ పని చేసింది. రోజూ వందల సార్లు రేకు పెట్టి ఆకు కోసిన మనిషికి, పేపరు పెట్టి గుడ్డ కోయడం ఏమంత వింత? మీటరు గుడ్డలో రెండు జాకెట్లు ఎట్లా ఇరికించాలో ఆమెకు ఆకే నేర్పింది.

కాగితపు నమూనాకు పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ అనే టైలర్ 1863లో వేర్వేరు సైజుల నమూనాలు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. అలాంటివి ఇప్పటికీ దొరుకుతాయి. ఎక్కడ మడవాలి, ఎక్కడ కుట్టాలి, ఎంత వదలాలి అన్నీ వాటి మీదే అచ్చయి వస్తాయి. అమ్మ పేపర్ల మీద పేరు తప్ప ఏమీ లేదు. ఈ ముక్క నాకు శనివారం మధ్యాహ్నం దాకా అర్థం కాలేదు.

మిషన్ ఉషా వాళ్లది, నల్లది, తొక్కుడుది. చిట్టి ఎత్తి కొన్నది. అమ్మ పగలు బీడీలు చుట్టేది, రాత్రి తొమ్మిది దాటాక మిషన్ ముందు కూర్చునేది. మా స్కూల్లో పంద్రాగస్టు, బతుకమ్మ, యాన్యువల్ డే... ఏది వచ్చినా డాన్సు ఉండేది. కోలాటానికి లంగా ఓణీ. లంబాడీ డాన్సుకు అద్దాల జాకెట్. సినిమా పాటకు ఏం కుట్టాలో ఎవరికీ తెలియదు కాబట్టి మెరిసేది ఏదైనా సరే. వాడకట్టు పిల్లలకూ కుట్టేది. కొందరు కుట్టుకూలి ఇచ్చేవాళ్లు, కొందరు ‘మల్ల ఇస్తం’ అనేవాళ్లు. ‘మల్ల’ ఇచ్చినవాళ్లు తక్కువ.

గుడ్డ ఎక్కువగా సిరిసిల్లది. ఏడాదికోసారి వేములవాడ రాజన్నకు మొక్కు చెల్లించడానికి పోయేవాళ్లం. అక్కడి నుంచి సిరిసిల్ల పక్కనే. బాపు దోస్తు ఒకాయన అక్కడ పవర్‌లూమ్ నడిపేవాడు. ఆ వాడలో అడుగు పెడితే మాట వినపడదు, మగ్గాల చప్పుడే. చాలా మగ్గాల మీద పాలిస్టర్, కొన్నింటి మీద కాటన్. ఆ కాటన్ లంగాలకూ అస్తర్లకూ వాడే రకం. డ్యామేజ్ అయిన ముక్కలు చవకగా దొరికేవి.

ఒకసారి రంగు వేయని తెల్ల పాలిస్టర్ తెచ్చి, ఇంట్లో రంగు ప్యాకెట్ కలిపి పెద్ద గంజులో ఉడకబెట్టింది అమ్మ. ఎర్రటి లంగాలు కావాలి ఎనిమిది మందికి. అరగంట ఉడికినా గుడ్డ లేత గులాబీ రంగు దాటలేదు. ఒక్కసారి జాడిస్తే అదీ పోయింది. పాలిస్టర్‌కు మామూలు రంగు పట్టదని, దానికి వేరే రంగులు, మరిగే నీళ్లకంటే ఎక్కువ వేడి కావాలని నేను ఇంజినీరింగ్‌కు పోయాక చదివా. అప్పుడు మాత్రం ఎనిమిది మందిమి తెల్ల లంగాలకు ఎర్ర అంచు కుట్టించుకొని ఆడాం. ‘శాంతి నృత్యం’ అని అనౌన్స్ చేశారు.

గలీబులో లంగా కలీ ముక్క ఒకటి ఉంది. దాని మీద సిరిసిల్లలో ఒక నేత కార్మికుడు ఉరి వేసుకున్న వార్త. నా చిన్నతనంలో అలాంటి వార్తలు తరచూ వచ్చేవట. నేను రంగులు ఏరుకుంటూ తిరిగిన ఊరు అదే. ఆ వార్త మీద పెట్టి కోసిన గుడ్డ కూడా అక్కడిదే అయి ఉంటుంది. అమ్మకు చూపిస్తే కండ్లద్దాలు పెట్టుకొని కూడబలుక్కొని చదివింది. “అప్పుడు సదువలే. కొలత సూసుకున్న, అంతే” అంది.

అన్నిటికంటే కష్టమైన డ్రెస్సు నా ఏడో తరగతిది. జగిత్యాలలో పోటీలు, నాది క్లాసికల్. కూచిపూడి, భరతనాట్యం వాళ్లు వేసుకునేది చూడటానికి చీరలా ఉంటుంది కానీ చీర కాదు. జాకెట్, పైజామా, పైట, నడుము దగ్గర ఒక ముక్క, ముందు కుచ్చిళ్ల ఫ్యాన్... అన్నీ విడివిడిగా కుట్టి కట్టుకునేవి. భరతనాట్యం దుస్తులు ఈ రూపానికి రావడంలో 1930లలో మద్రాసులో రుక్మిణీదేవి అరండేల్ పాత్ర పెద్దది. ఆమెకు ఇటలీకి చెందిన ఒక కుట్టుపని మహిళ సాయం చేసిందంటారు. మా అమ్మకు సాయం చేసింది మా డాన్స్ మేడమ్. తన సొంత డ్రెస్సు ఒక్క రాత్రికి ఇచ్చింది, కుట్టు విప్పొద్దనే షరతు మీద.

కుట్టు విప్పకుండా నమూనా ఎట్లా తీయాలి? అమ్మ ఆ డ్రెస్సును చాప మీద పరిచి, మీద పేపరు పెట్టి, కుట్టు ఉన్న చోటల్లా బొటనవేలి గోరుతో గట్టిగా గీసింది. పేపరు మీద లోతుగా గీత పడింది. ఆ గీతల మీద పెన్సిల్. రాత్రి రెండు దాకా అదే పని. పొద్దున మడత నలగకుండా డ్రెస్సు వాపసు.

ఫ్యాన్ మాత్రం పేపరుకు లొంగలేదు. గుడ్డను సన్నగా, అన్నీ ఒక్క తీరుగా మడతలు పెట్టి కచ్చా కుట్టు వేసింది. ఇస్త్రీ బండి తాత దగ్గరికి తీసుకెళ్లి, తడి గుడ్డ కప్పి బొగ్గుల పెట్టెతో ఒత్తించింది. ఒకచోట వేడి ఎక్కువై పాలిస్టర్ కరిగింది, రూపాయి బిళ్లంత. అక్కడ గోటు పువ్వు కుట్టింది. కుట్టు విప్పాక మడతలు అట్లనే నిలబడ్డాయి. కాటన్‌కైతే చెమట తగిలితే మడత పోతుంది. పాలిస్టర్ వేడి మీద ఒకసారి మడత పట్టిందంటే ఉతికినా వదలదు. గంజులో రంగు పట్టనిది ఇక్కడ పనికొచ్చింది.

జగిత్యాలలో స్టేజీ వెనక అందరివీ అద్దె డ్రెస్సులు, జరీ అంచులు ధగధగ. ఒక పిల్ల నా ఫ్యాన్ పట్టుకొని “ఎక్కడిది?” అంది. “హైదరాబాద్ నుంచి తెచ్చినం” అన్నా. ఆలోచించకుండా వచ్చేసింది మాట. వెనక్కి తిరిగితే అమ్మ, పిన్నుల డబ్బా పట్టుకొని. ఏమీ అనలేదు. పైట సర్దింది, పిన్ను పెట్టింది.

ప్రైజు రాలేదు. బస్సులో సగం దారి అయ్యాక అమ్మ కిటికీ బయటికి చూస్తూ, “హైదరాబాద్‌ల గింత మంచిగ కుడుతరా?” అని నవ్వింది. నేను నవ్వలేకపోయా. ఆ మాట తర్వాత ఇంట్లో ఒక జోక్ అయింది. ఇప్పటికీ కూర బాగా కుదిరితే ‘హైదరాబాద్ నుంచి తెచ్చినవా’ అంటాడు బాపు. నాకు మాత్రం ఆ స్టేజీ వెనకాల చోటు గుర్తొస్తుంది.

ఇక శనివారం.

గుడ్డకు బతుకమ్మ చీర తీశాను. 2017 నుంచి ప్రభుత్వం పండుగకు పంచిన చీరలు, ఏటా దాదాపు కోటి. సిరిసిల్ల మగ్గాలకు అదే పెద్ద ఆర్డరు. కట్టడానికి నచ్చలేదని పక్కన పెట్టినవాళ్లున్నారు, పందులు రాకుండా చేను చుట్టూ కట్టినవాళ్లూ ఉన్నారు. 2023 చివర్లో ప్రభుత్వం మారాక ఆ పథకం ఆగిపోతే, పని లేక చాలా మగ్గాలు మూగబోయాయి. అమ్మ దగ్గర మాత్రం మూడు చీరలు మడత విప్పకుండా ఉన్నాయి. పచ్చది తీసుకున్నా.

‘చిన్నది, కోలాటం’ అని ఉన్న ముక్కలన్నీ ఏరి, చీర మీద పరిచి, చాక్‌తో గీసి, గీత మీదే నీటుగా కోశాను. జాకెట్ ముందు భాగం తీసి చూస్తే సగమే ఉంది. ఒక భుజం, సగం మెడ.

అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “పేపరు సగమే ఉంటది బిడ్డా. గుడ్డను మడిచి, మడత మీద పెట్టాలె.”

“రాయొచ్చు కదా అమ్మా పేపరు మీద?”

“నాకు ఎరికే గదా. ఎవలికని రాయాలె?”

మా ఆఫీసులో ఎవరైనా డాక్యుమెంటేషన్ లేకుండా కోడ్ వదిలేసి పోతే ఎంత తిట్టుకుంటామో చెప్పలేను. ఇక్కడ తిట్టడానికి నోరు రాలేదు.

ఇంకో సగం కోసి మధ్యలో అతుకు వేశా. అప్పుడు రెండో సంగతి బయటపడింది. నేను గీత మీద కోశా. పేపరు మీద కుట్టుకు వదలాల్సిన జాగా లేదు. “వేలెడు ఇడిసి కొయ్యాలె” అంది అమ్మ. పక్కల్లో రెండు వేళ్లు, పిల్ల పెరుగుతది కాబట్టి. లోపల దాచిన ఆ రెండు వేళ్ల వల్లే మా డ్రెస్సులు మూడేళ్లు వచ్చేవి. ముందు నాకు, తర్వాత పక్కింటి పిల్లకు, చివరికి బొంతలోకి. నేను కప్పుకునే బొంతలో ఆ తెల్ల లంగా ఇప్పటికీ ఉంది.

వేలెడు అంటే ఎవరి వేలు? టేపు తెచ్చి అమ్మ వేలు కొలిచా. ముప్పావు అంగుళం. నాది అంతకంటే తక్కువ. బీడీలు చుట్టి చుట్టి ఆమె వేళ్ల కొసలు వెడల్పయ్యాయి. వీడియో తీస్తానంటే వద్దంది. “చేతులు మంచిగ లేవు, తియ్యకు.” తీయలేదు. పక్కన కూర్చొని మళ్లీ మొదటి నుంచి కోశా, రెండో చీరతో. ఆమె చెప్తుంటే నేను చేశా. భుజం దగ్గర వేలెడు తగ్గించు, నడుముకు రెండు తగ్గించు, చంక మాత్రం ముట్టకు. ఆదివారం రాత్రి పదకొండింటికి అయిపోయింది. మెడ కొంచెం పక్కకు లాగింది. అమ్మ గోటు వేయించి దాన్ని కప్పించింది.

జగిత్యాలలో ప్రోగ్రాం అయ్యాక ఎవరో టీచర్ మా పిల్లను అడిగిందట, డ్రెస్సు ఎక్కడ తెచ్చారని. “మా అమ్మమ్మ చెప్పింది, మా చిన్నమ్మ కుట్టింది. మెడ వంకర పోయింది చూడు” అని గోటు ఎత్తి చూపించిందట.

తర్వాతి వారం అమ్మ కొత్త కొలతతో నమూనా కోస్తానంది. పేపరు తెమ్మంది. మా ఇంట్లో పేపరు బంద్ చేసి నాలుగేళ్లయింది, అందరం ఫోన్లోనే చదువుతాం. చివరికి ఆన్‌లైన్ ఆర్డర్ డబ్బాలో వచ్చిన గోధుమరంగు కాగితం దొరికింది. కండ్లద్దాలు పెట్టుకొని, గోరుతో మడత తీసి, తనే కోసింది. గలీబులో పెట్టే ముందు పెన్సిల్ అడిగి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది: ‘జగిత్యాల పిల్ల, కోలాటం, ముందు. మడత మీద పెట్టాలె. వేలెడు ఇడవాలె, నా వేలు.’